ఉప్పు చేసే పని కరిగించడం కాదు

మంచు కురిసే నగరాల్లో లారీలు రాత్రంతా తిరుగుతూ రోడ్ల మీద ఉప్పు చల్లుతాయి కదా, అంత మంచును కరిగించే వేడి ఆ కాస్త ఉప్పుకు ఎక్కడి నుంచి వస్తుందని ఒక పాఠకుడు అడిగారు. ఎక్కడి నుంచీ రాదు. మామూలు ఉప్పు నీటిలో కరిగేటప్పుడు వేడిని ఇవ్వకపోగా కొంత పీల్చుకుంటుంది కూడా.

లెక్క చూద్దాం. కిలో మంచు నీరు కావడానికి 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. 7 మీటర్ల వెడల్పున్న రోడ్డు మీద కిలోమీటరు పొడవునా 10 సెంటీమీటర్ల తాజా మంచు పడితే, ఘనపు మీటరుకు 100 కిలోల చొప్పున అది 70 టన్నులు. దాన్ని కరిగించాలంటే దాదాపు 6,500 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. అన్ని వీధులకూ ఇంత ఖర్చు పెట్టడం అయ్యే పని కాదు. అందుకే మంచును తొలగించే భారం బండి ముందు ఏటవాలుగా బిగించిన పలకదే. అయితే అడుగుపొర రోడ్డును కరుచుకుని గడ్డకట్టిందంటే పలక దాని మీదుగా జారిపోతుంది. ఆ పట్టు కుదరకుండా చూడటమే ఉప్పు పని.

మాలిన్యం కలిస్తే ఘనీభవన స్థానం తగ్గుతుందని చెప్పి పాఠ్యపుస్తకాలు ఆగిపోతాయి. ఆసక్తికరమైన కథ మొదలయ్యేది అక్కడే. మంచు గడ్డను కిక్కిరిసిన బస్సు అనుకోండి. దాని అంచు దగ్గర నీటి అణువులు ఎప్పుడూ దిగుతూ, ఎక్కుతూ ఉంటాయి. 0 డిగ్రీల వద్ద దిగేవీ ఎక్కేవీ సమానం. ఉప్పు కరిగి విడివడిన సోడియం, క్లోరైడ్ అయాన్లకు ఈ బస్సులో సీటు లేదు, ఎందుకంటే మంచు స్ఫటికంలో అవి ఇమడవు. కానీ తలుపు దగ్గర చోటు మాత్రం ఆక్రమిస్తాయి. దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు, ఎక్కేవాళ్లు తగ్గిపోతారు, బస్సు ఖాళీ అవుతుంది. చలి పెరిగితే దిగేవాళ్లూ తగ్గి, ఇంకా దిగువ ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ లెక్క సరిపోతుంది. ద్రావణంలో ఉప్పు 23.3 శాతం ఉన్నప్పుడు ఆ ఉష్ణోగ్రత −21.1 డిగ్రీలు, అంతకన్నా చల్లబడితే ఉప్పూ నీరూ కలిసే గడ్డకడతాయి. రోడ్ల మీద వాడే మరో లవణం కాల్షియం క్లోరైడ్ ఒక్కొక్కటి రెండు బదులు మూడు అయాన్లుగా విడిపోతుంది, పైగా కరిగేటప్పుడు వేడినీ ఇస్తుంది కాబట్టి మరింత చలిలోనూ పనికొస్తుంది.

ఆచరణలో మామూలు ఉప్పు సుమారు −10 డిగ్రీల దగ్గరే మందగిస్తుంది, ఎందుకంటే అది పని మొదలుపెట్టాలంటే ముందు కాస్త నీరు ఉండాలి. పొడి ఉప్పు చక్రాల తాకిడికి ఎగిరి పక్కకు పోయే ఇబ్బంది కూడా ఉంది. ఈ రెంటికీ విరుగుడుగా మంచు పడకముందే రోడ్డు మీద ఉప్పునీటిని చారలుగా పిచికారీ చేస్తారు. ఆ ఉప్పునీటి గాఢత సరిగ్గా పైన చెప్పిన 23.3 శాతమే. మరీ చలిగా ఉన్నచోట ఇసుక చల్లుతారు. అది దేన్నీ కరిగించదు, చక్రానికి పట్టు మాత్రం ఇస్తుంది.

పక్కకు తోసిన మంచు గుట్టలుగా మిగులుతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో దాన్ని లారీలకెత్తి, కొంత ఫ్రాంకన్ అనే పాత క్వారీలో పోస్తారు, కొంత మురుగు కాలువల్లోకి జారవిడుస్తారు. అక్కడ కావలసిన గుప్తోష్ణాన్ని ఇళ్ల నుంచి వచ్చే గోరువెచ్చని వాడకపు నీరే సమకూరుస్తుంది.