గ్రెనడీన్స్‌లో అద్దె పడవ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

కరీబియన్‌లోని గ్రెనడీన్స్ దీవుల్లో అద్దె తెరచాప పడవలకు సరంగుగా పనిచేస్తున్నాను. మనవాళ్ల కుటుంబాలు ఫోన్ చేసినప్పుడల్లా వినే మాటలివి.

అపోహ: దీవులన్నీ పక్కపక్కనే, రోజుకు మూడు చూసేయొచ్చు.

ఇక్కడి పెద్ద దీవి సెయింట్ విన్సెంట్ నుంచి బెకియా దీవికి 9 నాటికల్ మైళ్లే. కానీ ఆ సందులోంచే అట్లాంటిక్ కెరటాలు లోపలికి తోసుకొస్తాయి. మన పడవ నడక గంటకు 5, 6 మైళ్లు. దక్షిణానికి దిగేటప్పుడు తూర్పు, ఈశాన్య గాలి పక్కనుంచి తగిలి హాయిగా సాగిపోతాం. తిరిగి వచ్చేటప్పుడు గాలికి ఎదురీదినట్టే ఉంటుంది. వెళ్లిన లెక్కనే రావడానికీ వేసుకుని విమానం టికెట్లు కొనకండి. డిసెంబరు, జనవరిలో ఇక్కడివాళ్లు 'క్రిస్మస్ గాలులు' అనేవి రోజుల తరబడి బలంగా వీస్తాయి. అప్పుడు పిల్లలూ పెద్దవాళ్లూ పడవలో ఉంటే నేను దీవుల సంఖ్య తగ్గించేస్తాను.

అపోహ: జీపీఎస్ ఉంటే ఎప్పుడైనా, ఎక్కడైనా లంగరు వేయొచ్చు.

పగడపు దిబ్బల మధ్య ఉన్న చిన్న దీవుల గుంపు టొబాగో కేస్ దగ్గర నేను జీపీఎస్ తెర కన్నా నీటి రంగునే నమ్ముతాను. ముదురు నీలమైతే లోతు, లేత ఆకుపచ్చయితే ఇసుక, గోధుమ రంగైతే పగడపు దిబ్బ. ఆ రంగులు తెలియాలంటే సూర్యుడు బాగా పైనో, మన వెనకో ఉండాలి. ఒకసారి మేరో దీవిలో ఆలస్యంగా బయల్దేరాం. కేస్ ముఖద్వారానికి చేరేసరికి మబ్బు కమ్మి నీళ్లన్నీ సీసం రంగుకు తిరిగాయి. వెనక్కి తిప్పేశాను. పిల్లలు ఏడ్చారు. ఇప్పుడైనా అదే చేస్తాను.

లంగరు ఇసుకలోనే పడాలి, గొలుసు లోతుకు కనీసం 5 రెట్లు వదలాలి. సముద్రపు గడ్డి మీద వేస్తే తాబేళ్ల మేత పెళ్లగించినట్టే. విశాఖలో పడవ నడపడం నేర్చుకున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా (దారి చూపే తేలే గుర్తు) మన దగ్గర ఎడమకు, ఇక్కడ కుడికి.

అపోహ: ఒకే దీవుల వరుస కాబట్టి ఒకే దేశం.

రెండు దేశాలు: ఉత్తరాన సెయింట్ విన్సెంట్ అండ్ ద గ్రెనడీన్స్, దక్షిణాన గ్రెనడా. యూనియన్ దీవిలోని క్లిఫ్టన్‌లో నిష్క్రమణ ముద్ర వేయించుకుని, కరియాకూ దీవిలో గ్రెనడా ప్రవేశ ముద్ర వేయించుకోవాలి. పాస్‌పోర్టులు హోటల్లో వదిలి రాకండి.

అపోహ: మంచినీళ్లకేం, రేవులో పట్టుకోవచ్చు.

బెకియాలో నదుల్లేవు. ఊరివాళ్లు వాననీళ్లు తొట్లలో దాచుకుని ఏడాదంతా వాడుకుంటారు. పడవలో స్నానం రెండు చెంబులతో ముగించమని నేను అడిగేది అందుకే.

అపోహ: హరికేన్ల భయం సెప్టెంబరులోనే, జూలైలో చవగ్గా రావచ్చు.

హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ నాలుగో కేటగిరీ తీవ్రతతో కరియాకూను తాకింది. యూనియన్‌లో నూటికి 90 ఇళ్లు ధ్వంసమో, తీవ్రంగా దెబ్బతినో ఉన్నాయని సెయింట్ విన్సెంట్ అప్పటి ప్రధాని రాల్ఫ్ గొన్సాల్వెస్ ప్రకటించారు. రావాలనుకుంటే ఫిబ్రవరి నుంచి మే మధ్యలో రండి. వచ్చినప్పుడు సరుకులన్నీ పెద్ద దీవిలోనే నింపుకోకుండా కూరగాయలు, చేపలు యూనియన్‌లో కొనండి.