మోచి ఫ్రిజ్‌లో ఎందుకు బిగుసుకుపోతుంది?

"ఇంట్లో మోచి చేశాం. చేసిన పూట మెత్తగా, సాగుతూ బ్రహ్మాండంగా వచ్చింది. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పళ్ళు దిగలేదు. ఎక్కడ తేడా వచ్చింది?" అని ఒక పాఠకురాలు అడిగారు. మోచి అంటే జిగురు బియ్యంతో చేసే, మెత్తగా సాగే జపాన్ ముద్ద. అమ్మా, తేడా మీ చేతిలో లేదు, ఫ్రిజ్‌లోనే ఉంది. ఎందుకో చెప్పాలంటే బియ్యం లోపలికి వెళ్ళాలి.

మోచికి మామూలు బియ్యప్పిండి పనికిరాదు. జపాన్‌లో ఇందుకోసం మోచిగోమె అనే జిగురు బియ్యం వేరే పండిస్తారు. ఏ బియ్యంలోనైనా పిండిపదార్థం అంటే గ్లూకోజ్ గొలుసులే, కాకపోతే అవి రెండు రకాలు. అమైలోజ్ చీపురు పుల్లలాంటిది, కొమ్మలు దాదాపు ఉండవు. అమైలోపెక్టిన్ రేగుకంప, ఎక్కడికక్కడ కొమ్మలు, రెమ్మలు. మనం రోజూ తినే బియ్యపు పిండిపదార్థంలో పుల్లల వాటా సుమారు 15 నుంచి 25 శాతం. జిగురు బియ్యంలో దాదాపు సున్నా. పుల్లల్ని తయారుచేసే ఎంజైముకు సంబంధించిన 'వాక్సీ' జన్యువు ఆ గింజలో సరిగ్గా పనిచేయదు, అంతే!

దీన్ని కళ్ళతో చూడొచ్చు. "పిండిపదార్థానికి అయొడిన్ తగిలితే నీలం" అని బడిలో ఒక్క వాక్యంతో ముగించేస్తారు. ఆ నీలం అమైలోజ్ ఇచ్చే రంగు. జిగురు బియ్యం మీద అదే చుక్క వేస్తే ఎరుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది. పిల్లల ముందు ఈ రెండో గిన్నె కూడా పెడితే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు పొయ్యి మీదికి వద్దాం. పచ్చి పిండిలో ఈ కంపలు పొందికగా సర్దుకుని ఉంటాయి. నీళ్ళు తగిలి, వేడి 60, 70 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ సర్దుబాటు చెదిరిపోయి, సందుల్లోకి నీళ్ళు చేరతాయి. పిండి ఉబ్బుతుంది, పారదర్శకంగా మారుతుంది. చల్లారాక చీపురు పుల్లలు గంటల్లోనే కట్టలు కట్టుకుంటాయి. రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి బిరుసెక్కడానికి అది ఒక కారణం. కంపల్ని కట్టగా కట్టడం మాత్రం కష్టం. అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, లాగితే సాగుతాయి. మోచి సాగుడంతా ఆ చిక్కులోనే ఉంది.

కానీ కంప చివరి రెమ్మలు మాత్రం తిన్ననివే. తీరిక దొరికితే పక్కపక్క రెమ్మలు జంటలుగా మెలివేసుకుంటాయి. ఆ జంటలు స్ఫటికాలుగా పేరుకుంటాయి, మధ్యలో ఉన్న నీళ్ళు పక్కకు జరుగుతాయి. దీన్నే రెట్రోగ్రడేషన్ అంటారు. ఇందులో రెండు అంచెలున్నాయి. స్ఫటికానికి మొదటి బీజం పడటానికి చలి కావాలి. పడ్డ బీజం పెరగాలంటే అణువులు కదలాలి, దానికి కాస్త వేడి కావాలి. రెండూ కలిపి చూస్తే పని జోరుగా సాగేది 4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా మన ఫ్రిజ్‌లో! డీప్ ఫ్రీజర్‌లో, సున్నాకు 18 డిగ్రీల దిగువన, రెమ్మలు దాదాపు కదలలేవు కాబట్టి మెలికపడటం ఆగిపోతుంది.

దీనికి మందు పంచదార. అది నీటిని పట్టి ఉంచుతుంది, రెమ్మల మధ్య దూరి జతపడకుండా అడ్డుకుంటుంది. జపాన్‌లో పంచదార బాగా పట్టించిన ఈ మెత్తటి ముద్దను గ్యూహి అంటారు. అయితే పంచదార పిండి ఉడికే వేడిని కూడా పెంచుతుంది. అందుకే అక్కడి మిఠాయి పనివాళ్ళు పిండిని ముందు ఉడికించి, పంచదారను విడతలుగా కలుపుతారు. అక్కడి తయారీదారులు కొందరు ఇంకో అడుగు వేసి, బీటా అమైలేజ్ అనే ఎంజైముతో కంప చివరి రెమ్మల్నే కత్తిరిస్తారు. జతపడటానికి రెమ్మే లేకపోతే ఇక బిగుసుకునేదేముంది!

ఇంటి కొలత: జిగురు బియ్యప్పిండి 100 గ్రాములు, నీళ్ళు 150 మిల్లీలీటర్లు, పంచదార 100 గ్రాములు. కొద్దిపాటి పిండే కాబట్టి అన్నీ ఒకేసారి కలిపేయొచ్చు. ఉండల్లేకుండా కలిపి, గిన్నెను ఆవిరి మీద 20 నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి అడుగు నుంచి తిప్పండి. తెల్లదనం ఎక్కడా కనిపించకూడదు. కనిపిస్తే అక్కడ పిండి ఇంకా ఉడకలేదు. తర్వాత కార్న్‌ఫ్లోర్ చల్లిన పళ్ళెంలో వేసి ముక్కలు చేయండి. లోపల అజుకి అనే చిన్న ఎర్ర గింజల ముద్ద పెడితే అది దైఫుకు. మన అలసందలు అజుకికి దగ్గరి చుట్టాలు, వాటి పూర్ణం కూడా కుదురుతుంది. పెద్దవాళ్ళకూ చిన్నపిల్లలకూ ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. జపాన్‌లో కొత్త సంవత్సరం రోజుల్లో మోచి గొంతుకు అడ్డుపడి వృద్ధులు చనిపోవడం ఏటా జరుగుతోంది.

ఆ పండక్కే దేవుడి ముందు కగామి మోచి అని రెండు ఉండలు ఒకదానిమీద ఒకటి పెడతారు. చాలా ప్రాంతాల్లో జనవరి 11న వాటిని తీసి తింటారు. కత్తితో కోయరు. సమురాయ్ ఇళ్ళలో కోత అంటే ఆత్మాహుతిని గుర్తుచేసే అపశకునం. సుత్తితో పగలగొడతారు. నమ్మకం అటుంచితే, అన్ని రోజులు ఎండి బిగుసుకున్న ఉండకు సుత్తే సరైన పనిముట్టు. ఆ ముక్కల్ని వేడి వేడి అజుకి పాయసంలో వేస్తే మళ్ళీ సాగుతాయి. ఎందుకంటే రెమ్మల జంటలు 60 డిగ్రీల దగ్గర విడిపోతాయి.

కాబట్టి మీ ఫ్రిజ్‌లోవి పారేయకండి. లోపల క్రీమ్ లాంటిది పెట్టి ఉండకపోతే, మెత్తబడేదాకా ఆవిరి పట్టించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే తినేయండి. ఈసారి చేసినప్పుడు మిగిలితే ఒక్కోదాన్ని విడిగా చుట్టి, ఫ్రీజర్‌లో పెట్టండి.