సీ భాషలో పాయింటర్లు, టూడీ అర్రేలు: అపోహలు - వాస్తవాలు

పాయింటర్ల పాఠాన్నీ అర్రేల పాఠాన్నీ విడివిడిగా చదివినప్పుడు ఏ ఇబ్బందీ పడని విద్యార్థులు కూడా, ఆ రెండూ టూడీ అర్రే (అడ్డు, నిలువు వరుసల పట్టిక) దగ్గర కలిసేసరికి తడబడుతుంటారు. సీలో ప్రోగ్రాములు రాయడం, కొత్తగా చేరినవారి కోడ్‌ను సరిచూడడం నా వృత్తి కాబట్టి, ఈ తడబాటు వెనక మళ్లీ మళ్లీ అవే నమ్మకాలు నాకు కనిపిస్తుంటాయి. వాటిలో చాలావరకు ఒక్క ప్రశ్న వేసుకుంటే వీగిపోతాయి: ఈ పేరుకు ఒకటి కలిపితే అడ్రస్ ఎన్ని బైట్లు ముందుకు జరుగుతుంది?

ఇక్కడ ఎక్కువ భాగం ఒకే ఉదాహరణతో నడుస్తాను. ముగ్గురు విద్యార్థులు, ఒక్కొక్కరికి నాలుగు సబ్జెక్టుల మార్కులు:

ఇంట్ మార్కులు[3][4];

నేటి 64 బిట్ కంప్యూటర్లలో సాధారణంగా ఉన్నట్టే ఇంట్‌కు 4 బైట్లు, పాయింటర్‌కు 8 బైట్లు అనుకుందాం. కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. ప్రోగ్రాములో మాత్రం ఇంట్, సైజాఫ్ వంటి మాటలను ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి.

అపోహ: టూడీ అర్రే అంటే డబుల్ పాయింటరే (పాయింటర్‌ను చూపించే పాయింటరే).

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. "సింగిల్ అర్రే పాయింటర్‌గా మారుతుంది కాబట్టి టూడీ అర్రే డబుల్ పాయింటర్‌గా మారుతుంది" అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ అది తప్పు. పైన ప్రకటించినది మూడు అంశాలున్న అర్రే. అందులోని ప్రతి అంశమూ నాలుగు ఇంట్‌ల అర్రే. మెమరీలో ఆ పన్నెండు ఇంట్‌లు, మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస అనే క్రమంలో, మధ్యలో ఖాళీ లేకుండా 48 బైట్లలో ఉంటాయి. ఆ 48 బైట్లలో ఎక్కడా ఒక్క పాయింటర్ కూడా దాచి ఉండదు. డబుల్ పాయింటర్ చూపించే చోట మాత్రం మరొక అడ్రస్ ఉండి తీరాలి.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. మొదటి విద్యార్థి మొదటి రెండు మార్కులు 72, 65 అనుకోండి. ఇంట్ **ప అనే పారామీటర్ ఉన్న ఫంక్షన్‌కు ఈ అర్రేను పంపి, లోపల ప[0][0] అని రాస్తే, ప్రోగ్రాము ముందుగా ప[0]ను ఒక అడ్రస్‌గా చదవాలి కాబట్టి అర్రేలోని మొదటి 8 బైట్లను, అంటే పక్కపక్కనే ఉన్న రెండు మార్కులను, కలిపి ఒకే సంఖ్యగా తీసుకుంటుంది. హెక్సాలో (16 ఆధారంగా రాసే పద్ధతిలో) 72 అంటే 48, 65 అంటే 41. తక్కువ విలువ గల బైటును ముందు ఉంచే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఆ రెండూ కలిసి 4100000048 అనే హెక్సా సంఖ్య తయారవుతుంది. ప్రోగ్రాము దాన్ని అడ్రస్‌గా నమ్మి అక్కడికి వెళ్లి, సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగిపోతుంది.

ఇలాంటి పొరపాటుకు జీసీసీ కంపైలర్ ఏళ్ల తరబడి హెచ్చరికతో సరిపెట్టింది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి, పొసగని పాయింటర్ రకాలను తప్పుగానే లెక్కించి కంపైల్ చేయడానికి నిరాకరిస్తోంది. అప్పుడు కొందరు అర్రే పేరు ముందు (ఇంట్ **) అని కాస్ట్ (బలవంతపు రకం మార్పు) పెట్టి కంపైలర్ నోరు మూయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పు అలాగే ఉంటుంది, దాన్ని చెప్పేవాళ్లు మాత్రం ఉండరు.

అపోహ: అర్రే పేరు అంటేనే పాయింటర్.

వాస్తవం: అర్రే పేరు చాలా సందర్భాల్లో తన మొదటి అంశం అడ్రస్‌గా మారుతుంది, అంతే. ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌కు ఇచ్చినప్పుడు, ముందు & గుర్తు పెట్టినప్పుడు అది మారదు. అందుకే సైజాఫ్ మార్కులు 48, సైజాఫ్ మార్కులు[0] 16, సైజాఫ్ మార్కులు[0][0] 4 అవుతాయి.

అర్రే అడ్రస్ 1000 అనుకుందాం. మార్కులు, మార్కులు[0], &మార్కులు అనే మూడింటినీ ప్రింట్ చేస్తే మూడుసార్లూ 1000 అనే వస్తుంది, దాంతో మూడూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. ప్రతిదానికీ ఒకటి కలిపి చూడండి. మార్కులు + 1 అంటే 1016, ఎందుకంటే అక్కడి పాయింటర్ నాలుగు ఇంట్‌ల అర్రేను, అంటే ఒక పూర్తి వరుసను చూపిస్తోంది. మార్కులు[0] + 1 అంటే 1004, అది ఒక్క ఇంట్‌ను చూపించే పాయింటర్. &మార్కులు + 1 అంటే 1048, అది మొత్తం అర్రేను దాటి వెళ్తుంది. అడ్రస్ ఒకటే అయినా రకం వేరు, అడుగు ఎంత దూరం వేయాలో నిర్ణయించేది ఆ రకమే. మార్కులు[వ][ని] (వ అడ్డు వరుస, ని నిలువు వరుస) అనే రాతను *(*(మార్కులు + వ) + ని) అని విప్పి చూస్తే, లోపలి కూడికలో 16 బైట్ల అడుగులు, బయటి కూడికలో 4 బైట్ల అడుగులు పడుతున్నాయని తెలుస్తుంది.

అసలు ఇలాంటి నియమం ఎందుకు వచ్చిందన్నది తెలుసుకోదగ్గ విషయం. సీకి ముందు కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలో అర్రేను ప్రకటిస్తే, దాని మొదటి అంశం అడ్రస్‌ను దాచడానికి విడిగా ఒక గడి నిజంగానే ఉండేది. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీని తీర్చిదిద్దుతూ మొదట ఆ పద్ధతినే కొనసాగించారు. అయితే స్ట్రక్చర్లను చేర్చేటప్పుడు, యూనిక్స్ డైరెక్టరీలోని ఒక నమోదును, అంటే ఒక ఐనోడ్ సంఖ్యనూ (ఫైలును గుర్తించే సంఖ్య) 14 అక్షరాల పేరునూ, డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టుగా వర్ణించాల్సి వచ్చింది; అక్కడ ఆ పాయింటర్‌ను దాచే చోటు లేదు. అందుకే ఆయన పాయింటర్‌ను మెమరీలో నిల్వ ఉంచడం మానేసి, అర్రే పేరును ఎక్స్‌ప్రెషన్‌లో వాడినప్పుడు అప్పటికప్పుడు పుట్టేలా చేశారు. టూడీ అర్రే ఖాళీలు లేకుండా ఒకే దిమ్మగా ఉండటం ఆ నిర్ణయం ఫలితమే.

అపోహ: ఫంక్షన్‌కు పంపాలంటే నిలువు వరుసల సంఖ్యను స్థిరాంకంగా రాయక తప్పదు.

వాస్తవం: నిలువు వరుసల సంఖ్య కంపైలర్‌కు అవసరమన్న మాట నిజం. వ, ని స్థానంలోని అంశం అడ్రస్ కావాలంటే మొదటి అడ్రస్‌కు (వ × 4 + ని) × 4 కలపాలి. ఇందులో మొదటి 4 నిలువు వరుసల సంఖ్య, రెండోది ఇంట్ సైజు. అడ్డు వరుసల సంఖ్య ఈ లెక్కలో ఎక్కడా లేదు కాబట్టే పారామీటర్‌ను ఇంట్ మా[][4] అని రాయవచ్చు. దాని అసలు అర్థం ఇంట్ (*మా)[4]. కనుక ఫంక్షన్ లోపల సైజాఫ్ మా అడిగితే 48 కాక 8 వస్తుంది. ఇంట్ *మా[4] అని కుండలీకరణాలు లేకుండా రాస్తే అర్థం పూర్తిగా మారి, నాలుగు పాయింటర్ల అర్రే అవుతుంది.

కానీ ఆ సంఖ్య స్థిరాంకమే కానక్కర్లేదు. సీ భాషకు 1999లో వచ్చిన ప్రమాణం నుంచి పారామీటర్లను ఇంట్ వరుసలు, ఇంట్ నిలువులు, ఇంట్ మా[వరుసలు][నిలువులు] అని రాసే వీలుంది. సంఖ్యలు అర్రే కంటే ముందు రావాలన్నదొక్కటే షరతు. 2011 ప్రమాణం ఈ సౌకర్యాన్ని ఐచ్ఛికం చేసినా, ఆ తర్వాతి సీ23 ప్రమాణం పారామీటర్లలో ఈ రకాలను మళ్లీ తప్పనిసరి చేసింది. మన ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో చాలాకాలం రాజ్యమేలిన టర్బో సీ 1999కి ముందుది కావడంతో, అక్కడ నేర్చుకున్నవారిలో చాలామందికి ఈ దారి ఉన్నట్టే తెలియదు. మాత్రికల గుణకారాన్ని ఏ సైజుకైనా పనిచేసేలా రాయడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి సీలో లేదని నా అభిప్రాయం.

అపోహ: సైజు ముందే తెలియకపోతే లూప్‌లో వరుసకొక మాలాక్ (మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) చేయాల్సిందే.

వాస్తవం: ఒక్క మాలాక్ చాలు.

ఇంట్ (*మా)[నిలువులు] = మాలాక్(వరుసలు * సైజాఫ్ *మా);

దీని తర్వాత మా[వ][ని] అని మామూలుగానే వాడవచ్చు, చివర ఒక్క ఫ్రీతో మొత్తం తిరిగి ఇచ్చేయవచ్చు. లూప్ పద్ధతిలో మూడు వరుసలకు నాలుగు మాలాక్‌లు, నాలుగు ఫ్రీలు అవసరం. మూడో మాలాక్ విఫలమైతే అప్పటిదాకా తీసుకున్నవన్నీ వెనక్కి ఇచ్చే కోడ్ కూడా రాయాలి, దాన్ని చాలామంది రాయరు. పాయింటర్ల అర్రేకు దాని చోటు దానికి ఉంది: వరుసల పొడవులు వేర్వేరుగా ఉన్నప్పుడు, లేదా సార్టింగ్‌లో వరుసలను తరచూ తారుమారు చేయాల్సినప్పుడు అదే మేలు.

అపోహ: మెమరీ అంతా వరుసగానే ఉంది కాబట్టి మార్కులు[0][5] అని రాసి రెండో వరుసలోకి వెళ్లినా పర్వాలేదు.

వాస్తవం: అది నిర్వచనం లేని ప్రవర్తన. [4][5] అని ప్రకటించిన అర్రేలో [1][7]ను చేరడాన్ని ప్రమాణమే ఉదాహరణగా పేర్కొంది. మీరు అలా చేయరన్న భరోసాతో కంపైలర్ ఆప్టిమైజేషన్లు చేస్తుంది కాబట్టి, ఈరోజు సరైన జవాబు రావడం దేనికీ రుజువు కాదు.

అపోహ: సబ్‌స్క్రిప్ట్ ([ ]లో రాసే స్థానం) కంటే పాయింటర్‌తో తిరిగితే వేగం ఎక్కువ.

వాస్తవం: ఆప్టిమైజేషన్ ఆన్ చేసి కంపైల్ చేస్తే సాధారణంగా రెండింటికీ దాదాపు ఒకే మెషిన్ కోడ్ వస్తుంది. వేగాన్ని నిజంగా మార్చేది తిరిగే క్రమం. చాలా ప్రాసెసర్లలో క్యాష్ లైన్ (మెమరీ నుంచి ఒకేసారి తెచ్చుకునే ముక్క) 64 బైట్లు, అంటే 16 ఇంట్‌లు. పెద్ద అర్రేలో అడ్డు వరుస వెంట వెళ్తే తెచ్చుకున్న పదహారూ పనికొస్తాయి, నిలువుగా వెళ్తే ఒక్కటి వాడి తక్కినవి వదిలేసి పోవాల్సి వస్తుంది.

అపోహ: పేర్ల పట్టికకు క్యార్ ఊళ్లు[3][20] అంటే 19 అక్షరాల దాకా పడతాయి.

వాస్తవం: ఇంగ్లీషు పేర్లకైతే పడతాయి. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. "విజయవాడ"లో ఐదు హల్లులు, ఒక గుడి, ఒక దీర్ఘం ఉన్నాయి: వ, గుడి, జ, య, వ, దీర్ఘం, డ కలిపి ఏడు, కనుక 21 బైట్లు, ముగింపు సున్నాతో 22. ఆ పేరును 20 బైట్ల వరుసలో పెడితే కంపైలర్ హెచ్చరించి, "డ" చివరి బైటునూ ముగింపు సున్నానూ వదిలేస్తుంది. వరుసను 21 బైట్లు చేస్తే సమస్య మరింత లోతుకు దిగుతుంది, ఎందుకంటే ముగింపు సున్నా ఒక్కటే పట్టకపోవడాన్ని సీ భాష అనుమతిస్తుంది, చాలా కంపైలర్లు మాట్లాడకుండా ఒప్పుకుంటాయి. రెండో వరుసలో "ఏలూరు" ఉంటే, మొదటి పేరును ప్రింట్ చేసినప్పుడు సాధారణంగా "విజయవాడఏలూరు" అని కనిపిస్తుంది, ఎందుకంటే ఈ వరుసకూ ఆ వరుసకూ మధ్య ఖాళీ లేదు.

పేర్లు మారనివైతే కాన్‌స్ట్ క్యార్ *ఊళ్లు[3] అని పాయింటర్ల అర్రే రాయండి. అందులో ఉండేవి మూడు అడ్రస్‌లు, 24 బైట్లు మాత్రమే, పేర్లు వాటికి కావలసినంత పొడవుతో వేరేచోట ఉంటాయి. వాడుకరి టైప్ చేసే పేర్లను దాచాలంటే మాత్రం టూడీ అర్రేయే అవసరం కావచ్చు; అప్పుడు వరుస పొడవును గుర్తుల సంఖ్యకు మూడు రెట్లు వేసి, దానికి ఒకటి కలిపి నిర్ణయించండి.