వెనిస్ గాజు మెట్ల వివాదానికి మూలం బిల్బావోలో ఉంది

వెనిస్‌లో గ్రాండ్ కెనాల్‌పై ఉన్న కాన్‌స్టిట్యూషన్ వంతెన గాజు మెట్లను తీసేసి ట్రాకైట్ రాయి వేయాలని 2022లో నగర పాలకులు తీసుకున్న నిర్ణయంతో, దాని రూపశిల్పి, స్పెయిన్ ఆర్కిటెక్టు, ఇంజినీరు శాంటియాగో కలత్రావా పేరు మళ్లీ చర్చకెక్కింది. ఇది కళాకృతిని చెడగొట్టడమా, పాదచారులను కాపాడడమా అన్న వాదం వెనిస్‌లో పుట్టింది కాదు. స్పెయిన్ నగరం బిల్బావోలో అది అప్పటికే కోర్టు దాకా వెళ్లివచ్చింది.

కలత్రావా ఇంజినీరింగ్ ప్రతిభను శంకించనక్కరలేదు. 1992 ప్రపంచ ప్రదర్శన కోసం సెవిల్‌లో ఆయన కట్టిన అలమియో వంతెనలో 142 మీటర్ల ఏటవాలు స్తంభం వెనుక నుంచి తీగల ఆసరా ఏదీ లేకుండా, తన బరువుతోనే వంతెనను మోస్తుంది. పేచీ అంతా కాలు మోపే చోట వచ్చింది.

1997లో బిల్బావోలోని నెర్వియోన్ నదిపై తెరిచిన జుబిజురి పాదచారుల వంతెనకు, రాత్రివేళ కింది నుంచి వెలుగు రావాలని గాజు పలకల నడకదారి వేశారు. వానలకు పేరుపడ్డ ఆ ఊళ్లో తడిసిన గాజుపై జనం జారిపడ్డారు. పగిలిన పలకలను మార్చే ఖర్చు నగరంపైనే పడింది. పైగా వంతెన ఒక చివర పైవీధికి కలవకపోవడంతో, దిగి మళ్లీ ఎక్కే అవస్థ తప్పించడానికి, జపాన్ ఆర్కిటెక్టు అరాటా ఇసొజాకి రూపొందించిన కొత్త టవర్ల వైపు నుంచి ఒక దారిని, కొంత రెయిలింగ్ కోసి, వంతెనకు కలిపారు. తన కృతి సమగ్రత దెబ్బతిన్నదని కలత్రావా దావా వేశారు: ఆ దారిని తీసేసి 2,50,000 యూరోలు ఇవ్వాలి, తీయకపోతే 30 లక్షల యూరోలు చెల్లించాలి. కృతికర్తగా ఆయనకున్న హక్కుకు భంగం కలిగిందని ఒప్పుకుంటూనే, ప్రజాప్రయోజనమే మిన్న అని 2007లో కోర్టు తీర్పు చెప్పింది. 2009లో అప్పీలు కోర్టు ఆయనకు 30,000 యూరోలు ఇప్పించింది గానీ దారిని కదపలేదు. 2011లో నగరం గాజుపై జారని నల్ల చాప పరిచింది. బిల్బావోలో జనం జారిపడ్డ సంగతి విన్నాక ఏ నగరమైనా గాజు జోలికి పోకుండా ఉండాల్సింది.

కానీ జుబిజురిపై దావా నడుస్తున్న కాలంలోనే వెనిస్ వంతెన పూర్తయి, 2008 సెప్టెంబరులో తెరుచుకుంది. అక్కడా గాజు మెట్లే. అది బస్సులు ఆగే పియాజ్జాలే రోమాను రైల్వేస్టేషనుతో కలిపే దారి. సూట్‌కేసులు లాక్కుంటూ పర్యాటకులు నిత్యం నడిచే చోటు. వీల్‌చైర్ వారికి దారి లేకపోవడంతో తర్వాత నగరం తన ఖర్చుతో గుడ్డు ఆకారపు క్యాబిన్ పెట్టి, అదీ పనికిరాక 2020లో తీసేసింది. మెట్లు అనుకున్నదానికన్నా త్వరగా అరిగిపోవడం వంటి లోపాలకు కలత్రావాను బాధ్యుణ్ణి చేస్తూ 2019లో ఇటలీలో ప్రభుత్వ ఖర్చులను విచారించే ఆడిట్ కోర్టు 78,000 యూరోలు కట్టమంది. 2022లో గాజు మార్చడానికి అంచనా వేసిన సుమారు 5 లక్షల యూరోలు మాత్రం నగర ఖజానా నుంచే రావాల్సి వచ్చింది.