కొండ మీద కరపత్రం జైలు నేరమైంది ఎప్పుడు?

తిరుమలలో అన్యమత ప్రచారం మాట వినిపించిన ప్రతిసారీ తిరుపతిలో రెండు వాదనలు ఒకేసారి లేస్తాయి. కరపత్రాలు పంచుతూ దొరికినవారిని జైలుకు పంపాల్సిందేనని ఒక వర్గం పట్టుబడుతుంది. నమ్మిన మాట చెప్పినందుకు ఖైదు చేయడం ఏ న్యాయమని రెండో వర్గం నిలదీస్తుంది. దర్శనానికి వచ్చే అన్యమతస్థుల డిక్లరేషన్ సంతకం గొడవ, టీటీడీలో అన్యమత ఉద్యోగుల వ్యవహారం పాఠకులకు తెలిసినవే కనుక వాటి జోలికి పోనవసరం లేదు. ఈ జైలు తగువు మూలం 2007 వేసవిలో ఉంది.

అంతకు ముందు రెండేళ్లుగా ‘ఏడు కొండలా, రెండు కొండలా’ అన్న వివాదం రాష్ట్ర రాజకీయాలను కుదిపింది. తిరుమల హద్దులను ప్రభుత్వం కుదించిందన్న ఆరోపణకు తోడు, కొండపై క్రైస్తవ ప్రచారం జరుగుతోందన్న ఫిర్యాదులు వచ్చాయి. సహజంగానే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంపై ఒత్తిడి పెరిగింది. ఆ ఒత్తిడికి జవాబుగా 2007లో ప్రార్థనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ మొదట ఆర్డినెన్సు, తరువాత చట్టం వచ్చాయి. ఆ ఏడాది జూన్ 2న వెలువడిన జీవో 746 ఏడు కొండల పవిత్రతను పునరుద్ఘాటించగా, జీవో 747 నిషేధం వర్తించే ఆలయాలను ప్రకటించింది. ఉల్లంఘించినవారికి మూడేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా అని చట్టం నిర్ణయించింది. రాజకీయంగా ఇరుకున పడిన ప్రభుత్వం తన నిజాయితీని రుజువు చేసుకోవడానికి జైలుశిక్షను ఆశ్రయించిందన్నది ఆ క్రమం చూసినవారికి కలిగే అభిప్రాయం.

ఇక్కడ మారినదేమిటో అలిపిరిలో కొంతసేపు నిలబడితే తెలుస్తుంది. సప్తగిరి తనిఖీ కేంద్రంలో సంచులు స్కానర్ గుండా వెళతాయి, మద్యం, మాంసం, సిగరెట్లు అక్కడే ఆగిపోతాయి. కారు అద్దం మీద శిలువ స్టిక్కరో, మరో మత చిహ్నమో కనిపిస్తే విజిలెన్స్ సిబ్బంది దాన్ని తీయించి బండిని పైకి వదులుతారు. ఎవరి మీదా కేసు ఉండదు, కోర్టు వాయిదా ఉండదు. క్షేత్రానికి ఒక కట్టుబాటు ఉంది, వచ్చినవారు దాన్ని పాటించాలి, పాటించనివారు వెనక్కి వెళ్లాలి. ఆ కట్టుబాటును న్యాయమైనది కాదనేవారు ఇతర మతస్థుల్లోనూ పెద్దగా కనిపించరు. 2007 దానికి చెరసాలను జోడించింది.

చాలామంది పొరబడుతున్నట్లు ఇది మతమార్పిడి నిరోధక చట్టం కాదు. అటువంటి చట్టాలు ఒడిశాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో వచ్చాయి. ప్రచారం చేసుకునే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదంటూ 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. బలవంతం, ప్రలోభం, మోసం ఉన్నాయా అన్నదే అక్కడి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తరహా చట్టం లేదు. ఇక్కడి చట్టం అడిగే ప్రశ్న వేరు: ఏ స్థలంలో మాట్లాడావు?

ఆ ప్రశ్నకు బదులు వెతకాలంటే ఇంకా వెనక్కి, 1954కు వెళ్లాలి. సుప్రీంకోర్టులో ఉడుపి షిరూర్ మఠం కేసు 1951 నాటి మద్రాసు దేవాదాయ చట్టం మీద నడిచింది. 1953 అక్టోబరు దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక ఆ చట్టం మనకూ పరాయిది కాదు. రాజ్యాంగ రక్షణ పొందేది విశ్వాస ప్రచారమేననీ, అది చర్చిలోనో మఠంలోనో ఆలయంలోనో ఇంటి ముందుగదిలోనో ఎక్కడ జరిగినా ఒకటేననీ ఆ తీర్పులో జస్టిస్ బి.కె. ముఖర్జియా రాశారు. ఒకరి గుడిలో మరొకరు తమ మతాన్ని ప్రచారం చేసుకోవచ్చని ఆయన ఉద్దేశమని చెప్పలేము. అదే తీర్పు మతసంస్థల అంతరంగిక వ్యవహారాల్లో ప్రభుత్వ జోక్యానికి కూడా హద్దు గీసింది. అయినా స్థలాన్ని బట్టి హక్కు మారదన్న ఆ మాటకూ, స్థలమే నేరాన్ని నిర్ణయిస్తుందన్న 2007 చట్టానికీ మధ్య ఉన్న దూరాన్ని విస్మరించలేము.

చట్టాన్ని సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. గంటల తరబడి క్యూలో నిలబడి దర్శనానికి వచ్చిన భక్తుడు అక్కడ మరో మతబోధ వినడానికి రాలేదు. రాజ్యాంగంలోని 26వ అధికరణం ఆలయానికి తన వ్యవహారాలను తాను నిర్వహించుకునే హక్కునిచ్చింది. గట్టి శిక్ష లేకపోతే మళ్లీ మళ్లీ వస్తారు.

దీనికి పౌరహక్కుల న్యాయవాదులు చెప్పే జవాబును కొంత వివరంగానే చూడాలి. భక్తుడి ప్రశాంతతకు రక్షణ కావాలన్న దానితో వారు విభేదించరు. దానికి పాత చట్టాలు చాలవా అన్నదే వారి ప్రశ్న. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 299, మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానించినవారికి మూడేళ్ల వరకు జైలు విధిస్తుంది. ఆ దురుద్దేశమే కీలకమని, అది లేని అవమానం ఈ సెక్షన్ కిందికి రాదని 1957లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టే పని ప్రార్థనా స్థలంలో జరిగితే 153ఎ, అంటే నేటి 196, అయిదేళ్ల దాకా శిక్ష విధించగలదు. ఈ రెండింటిలోనూ కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. తిట్టినవాడికీ రెచ్చగొట్టినవాడికీ శిక్ష ముందే ఉన్నప్పుడు, 2007 చట్టం కొత్తగా పట్టుకునేది ఎవరినీ తిట్టకుండా తన దేవుడి గురించి చెప్పుకున్నవాడినే కదా అని వారంటారు. దీనికి సమర్థకుల నుంచి ఇంతవరకు నేరుగా జవాబు రాలేదు. విశ్వాసం కోసం చెర అన్న మాట ఈ కొండకు కొత్తదేమీ కాదు. రాజును కీర్తించనన్నందుకు సాళువ నరసింహరాయలు అన్నమయ్యకు సంకెళ్లు వేయించాడన్న కథను ఇక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు, అందులో ఎవరి పక్షాన నిలవాలో ఎవరికీ సందేహం రాదు.

ఈ వాదంలోకి విదేశాలను లాగడం కూడా పరిపాటి అయింది. అమెరికా మతస్వేచ్ఛ కమిషన్ 2020 నుంచి ఏటా భారత్‌ను ప్రత్యేక ఆందోళనకర దేశంగా ప్రకటించాలని సిఫారసు చేస్తోంది, భారత ప్రభుత్వం దాన్ని పక్షపాతమంటూ తోసిపుచ్చుతోంది. తిరుమలలో ఈ చట్టం కింద పెట్టే కేసులను రష్యాతో పోల్చడం అతిశయోక్తే. అక్కడ యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ సంస్థను 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పూర్తిగా నిషేధించింది. ఓర్యోల్ పట్టణంలో బైబిల్ సమావేశం నుంచి అరెస్టయిన డెన్మార్క్ పౌరుడు డెన్నిస్ క్రిస్టెన్సెన్‌కు 2019 ఫిబ్రవరిలో ఆరేళ్ల జైలు పడింది. కానీ ఆయనను జైలుకు పంపడానికి ఉపయోగపడింది తీవ్రవాదాన్ని అణచడానికని 2002లో తెచ్చిన చట్టమే. ఒక ఉద్దేశంతో వచ్చిన సెక్షన్ ఎంత దూరం సాగుతుందో చూపడానికి ఆ ఉదాహరణ పనికొస్తుంది.

తిరుపతిలో ఆ సాగుదల కొండ కింద మొదలవుతుంది. 2007 చట్టం ప్రకటిత క్షేత్రాలకే పరిమితం. నగరంలో బస్టాండు దగ్గరో, సొంత ఇంటి అరుగు మీదో ఎవరైనా కరపత్రం ఇస్తే దానికి మతస్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం రక్షణ ఉంటుంది. అయితే ఫిర్యాదుల్లోనూ టీవీ చర్చల్లోనూ కొండ మీద, కొండ కింద అన్న తేడా చెరిగిపోయి, ఊరంతా క్షేత్రమే అన్న వాదన బలపడుతోంది. పైగా ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఆ నోటీసుకు ఏర్పాటు ఉంది. కాబట్టి ఇలాంటి కేసు ఏది వచ్చినా మేజిస్ట్రేటు ముందుగా చూడాల్సినవి రెండు: నిందితుడికి నోటీసు అందిందా, పంచనామాలో రాసిన స్థలం జీవో 747 హద్దులో ఉందా.