నెల్లూరు స్టేషన్ గొడవ: 2012 నుంచి చదివితేనే అర్థమయ్యే కథ

నెల్లూరు కొత్త రైల్వే స్టేషన్ మీద మాటల యుద్ధం మళ్లీ మొదలైంది. కొందరు డిజైన్ బొమ్మలు వాట్సాప్‌లో తిప్పుతూ మన ఊరికి ఎయిర్‌పోర్టు లాంటి స్టేషన్ వస్తోందని మురిసిపోతున్నారు. ఇంకొందరు జనరల్ బోగీ తలుపు పట్టుకుని వేలాడుతున్న జనం ఫోటో పెట్టి, ముందు దీని సంగతి చూడండయ్యా అంటున్నారు. రెండూ కావాలనే దగ్గర ఎవరికీ పేచీ లేదు. ఏది ముందు అన్న దగ్గరే తగువు. ఆ తగువు ఇప్పటిది కాదు.

ఈ లైను ఏ దొరల కాలంలో వేశారు, పాత స్టేషన్ ఎప్పుడు కట్టారు అన్న సంగతులు ఊళ్లో చాలామందికి తెలిసినవే, వదిలేద్దాం. ఈ రోజు గొడవకు పనికొచ్చే కథ 2012లో ఉంది. ఆ ఒక్క ఏడాదిలో మూడు సంగతులు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ.

మొదటిది ఫిబ్రవరిలో. రైల్వే భద్రతపై అణుశాస్త్రవేత్త అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. చెన్నై పెరంబూరులోని ఐసీఎఫ్ ఫ్యాక్టరీ పాత డిజైన్ బోగీల తయారీ ఆపి, జర్మన్ డిజైన్ అయిన ఎల్‌హెచ్‌బీ బోగీలకు మారమంది. లెవెల్ క్రాసింగులన్నీ అయిదేళ్లలో ఎత్తేయమంది. మొత్తం సిఫార్సులకు అయిదేళ్లలో దాదాపు లక్ష కోట్లు కావాలని లెక్క చెప్పింది.

రెండోది ఏప్రిల్‌లో. స్టేషన్లను కొత్తగా తీర్చిదిద్దడానికి ఇండియన్ రైల్వే స్టేషన్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పుట్టింది. స్టేషన్ స్థలాలను వాణిజ్యానికి వాడుకుని, ఆ రాబడితో స్టేషన్లు బాగుచేయాలన్నది దాని వెనకున్న ఆలోచన.

మూడోది మన ఊళ్లో. జూలై 30, సోమవారం తెల్లవారుజాము, నాలుగు దాటింది. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్తున్న తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీలో మంటలు లేచాయి. విజయమహల్ గేటు దగ్గర డ్యూటీలో ఉన్న గేట్‌మన్ మంటలు చూసి స్టేషన్‌కు చెప్పాడు. బండి ఆపి, మిగతా బోగీలను విడదీశారు. ఎస్-11లో మాత్రం 30 మందికి పైగా కాలిపోయారు. అందరూ మంచి నిద్రలో ఉన్న వేళ అది.

మొదట అందరి నోటా షార్ట్ సర్క్యూట్ మాటే వినిపించింది. తర్వాత దర్యాప్తులు, ఊహలు, పరిహారం చుట్టూ వార్తలు నడిచాయి. నిప్పు ఎలా పుట్టిందన్న ప్రశ్న మీద ఖర్చయిన సిరాలో పదో వంతైనా, మనుషులు ఎందుకు బయటపడలేకపోయారన్న ప్రశ్న మీద ఖర్చు కాలేదు. నా లెక్కలో ఇవాళ్టి గొడవకు మూలం అక్కడే ఉంది.

పాత స్లీపర్ బోగీ ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. 72 బెర్తులు. ఎక్కడానికైనా దిగడానికైనా రెండు చివర్లలో, మరుగుదొడ్ల పక్కన, మొత్తం నాలుగు తలుపులు. మధ్యలో ఎక్కడా తలుపు లేదు. ఒక చివర మంట పట్టుకుంటే 72 మందికీ మిగిలేది రెండో చివరే. అక్కడికి పోవాలంటే ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో, సామాన్ల మీద, పడిపోయినవాళ్ల మీదుగా వెళ్లాలి. ఆ తలుపు కూడా లోపలికి తెరుచుకునే రకం. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే ముందున్నవాడు తలుపును తన వైపు ఎలా లాగుతాడు? కిటికీలకు ఇనప ఊచలు. ఎమర్జెన్సీ కిటికీలు ఉన్న మాట నిజమే, కానీ ఎర్ర రంగు వేసిన ఆ ఊచలను పైకెత్తవచ్చని తెలిసిన ప్రయాణికులు ఇప్పటికీ ఎంతమంది? పక్క బోగీలోకి పోయే దారి షట్టరు రాత్రిళ్లు వేసేయడం మామూలు. జనరల్ వాళ్లు రిజర్వేషన్ బోగీల్లోకి రాకుండా ఆ కట్టడి.

ఇదంతా ఎవరి తప్పు అనేకంటే, బోగీని అలా గీశారు అనడమే సబబు. 1955లో పెరంబూరు ఫ్యాక్టరీ మొదలైనప్పుడు స్విట్జర్లాండ్ కంపెనీ సాయంతో వచ్చిన నమూనా అది. అర్ధ శతాబ్దానికి పైగా పెద్ద మార్పు లేకుండా నడిచింది.

నెల్లూరు తర్వాత ఏడాదిన్నర తిరక్కుండానే, 2013 డిసెంబర్ 28న బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర మంటలు లేచి 26 మంది పోయారు. అదీ తెల్లవారుజామే. అంతకుముందు 2008లో కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్. మూడింటిలోనూ నిద్రలో ఉన్న మనుషులు, చివర్లలోనే తలుపులు.

మార్పు రాలేదని అనడం అన్యాయం. 2018 జనవరిలో ఐసీఎఫ్ డిజైన్ బోగీల తయారీ ఆగిపోయింది. కాకోద్కర్ చెప్పిన ఆరేళ్లకు. ఎల్‌హెచ్‌బీ బోగీలు ఢీకొన్నా ఒకదాని మీద ఒకటి ఎక్కవు. సీట్లు, గోడలు తొందరగా అంటుకోని సరుకుతో చేస్తారు. ఏసీ బోగీల్లో పొగను పసిగట్టే పరికరాలు వచ్చాయి. కానీ ఎల్‌హెచ్‌బీ స్లీపర్‌లో బెర్తులు 72 నుంచి 80కి పెరిగాయి, తలుపులు మాత్రం ఆ రెండు చివర్ల నాలుగే. నెల్లూరు నేర్పిన పాఠంలో సగమే అమలైంది.

ఇక స్టేషన్ సంగతి. ఏప్రిల్‌లో పుట్టిన ఆ కార్పొరేషన్ చేతుల్లోకి నెల్లూరు రాలేదు. డెహ్రాడూన్, తిరుపతి, పుదుచ్చేరితో పాటు నెల్లూరును రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీకి అప్పగించి, ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టించాలని చూశారు. స్థలం లీజుకిచ్చి దుకాణాలు, ఆఫీసుల మీద వచ్చే డబ్బుతో స్టేషన్ నడవాలన్న లెక్క అది. 2021లో కార్పొరేషన్‌ను మూసేయాలని నిర్ణయించారు, పనులు రైల్వే జోన్ల చేతికి వెళ్లాయి. తర్వాత మన స్టేషన్‌ను రైల్వే సొంత డబ్బుతోనే, 100 కోట్ల పైచిలుకు ఖర్చుతో కట్టే కాంట్రాక్టు ఖరారైంది. డబ్బు దారి మారినా గీసిన బొమ్మ తీరు పెద్దగా మారలేదు. రెండు వైపులా భవనాలు, పట్టాల మీదుగా పెద్ద హాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు. హాల్లో కూర్చుని, కొనుక్కుని, రైలు వచ్చేముందు కిందికి దిగే ఏర్పాటు. ఇది మాల్ బుర్రతో గీసిన బొమ్మ అని ఊరికే అనడం లేదు, దీని పుట్టుక ఆ దుకాణాల లెక్కలోంచే.

రైల్వే అధికారులు చెప్పేది ఇది: ఇప్పుడున్న రద్దీకి పాత స్టేషన్ చాలదు, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ వేర్వేరు దారులుంటే తొక్కిసలాట ఉండదు, వృద్ధులకు లిఫ్టులు కావాలి, పట్టణం పట్టాలకు రెండు వైపులా పెరిగింది కాబట్టి రెండు ప్రవేశాలు అవసరం. చివరి మాట నెల్లూరువాళ్లు ఎవరూ కాదనరు. వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది. ఆ రోజు పట్టాలు దాటి పోయేవాళ్లను చూశాక, పై నుంచి నడిచే దారి వద్దని ఎవరంటారు? అయితే ఆ దారి టికెట్ లేనివాళ్లకు కూడా ఉంటుందా లేదా అన్నది బొమ్మలు చూసి చెప్పడం కష్టం.

ఇప్పుడు ప్రయాణికుల వైపు. నేను ఎక్కువ చోటు ఇవ్వదలచింది దీనికే.

22 ఎల్‌హెచ్‌బీ బోగీలంటే ఒక్కొక్కటి 23.5 మీటర్ల చొప్పున అర కిలోమీటరు దాటుతుంది. జనరల్ బోగీలు ఇంజన్ వెనకా, బండి చివరా ఉంటాయి. కొత్త స్టేషన్లలో హాలు నుంచి మెట్లు, లిఫ్టు మామూలుగా ప్లాట్‌ఫారం నడిమికి దిగుతాయి, అంటే ఏసీ బోగీలు ఆగే చోటికి దగ్గరగా. నెల్లూరులో చాలా బండ్లు ఆగేది రెండే నిమిషాలు. జనరల్ టికెట్ కొన్న ముసలమ్మ, తల మీద మూట, చంకన మనవడితో లిఫ్టు దిగి రెండు వందల మీటర్లు పరుగెత్తాలి. అక్కడికి చేరాక ఎక్కడం ఇంకో తంటా. ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు, బోగీ నేల దాదాపు 130. మధ్యలో అర మీటరు తేడా, నిలువుగా రెండు ఇనప మెట్లు, పైన సన్నటి తలుపు, ఆ తలుపులో అప్పటికే కూర్చున్న నలుగురు. ప్లాట్‌ఫారం మీద వినిపించే మాట ఒక్కటే: ‘లిఫ్టు ఎందుకబ్బయా, బండిలోకి ఎక్కే దారి చెప్పు.’

మెట్రో రైలు ఈ చిక్కును ఎలా తప్పించుకుందో హైదరాబాద్‌లో చూశాం. ప్లాట్‌ఫారం, బోగీ నేల దాదాపు ఒకే ఎత్తు. బోగీకి ప్రతి వైపూ నాలుగు వెడల్పు తలుపులు, పక్కకు జరిగేవి. రైలు పొడవుకు సరిపడా స్టేషన్, ఎక్కడ తలుపు ఆగుతుందో అక్కడే జనం నిలబడేలా గీతలు. అక్కడ రైలునూ స్టేషన్‌నూ ఒకే కాగితం మీద గీస్తారు. ఇక్కడ బోగీ ఒక చోట, భవనం ఇంకో చోట, టైమ్‌టేబుల్ మరో చోట. ఆ మూడూ కలిసేది ముసలమ్మ పరుగులోనే.

విశాఖ, విజయవాడలకు మెట్రో ప్రతిపాదనలు నలుగుతున్న పదేళ్లుగా మనకూ ఒకటి వేయండి అనే మాట నెల్లూరులో అప్పుడప్పుడు లేస్తూ ఉంటుంది. మెట్రో రాకపోయినా ఆ డిజైన్ బుద్ధి రావచ్చు కదా. కొంత వచ్చింది కూడా. 2023లో ఈ లైను మీద మొదలైన సికింద్రాబాద్-తిరుపతి, విజయవాడ-చెన్నై వందే భారత్‌లు నెల్లూరులో ఆగుతాయి. వాటి తలుపులు తమంతట తామే తెరుచుకుంటాయి, తలుపు కింద మెట్టు బయటికి జరుగుతుంది. అదే ఏడాది డిసెంబర్‌లో మొదలైన మాల్దా-బెంగళూరు అమృత్ భారత్ కూడా మన లైను మీదుగానే పోతుంది. ఏసీ లేని ఆ బండిలో 12 స్లీపర్, 8 జనరల్ బోగీలు. జనరల్ టికెట్ వాళ్ల గురించి ఎవరో ఒకరు ఆలోచించారనడానికి ఆ ఎనిమిదే సాక్ష్యం. 2025 జూన్ 9న ముంబై ముంబ్రా దగ్గర లోకల్ రైళ్ల నుంచి జనం జారిపడి చనిపోయాక, ఏసీ లేని లోకల్ బోగీలకు కూడా మూసుకునే తలుపులు, గాలి ఆడే ఏర్పాట్లు, బోగీల మధ్య దారులు పెడతామని రైల్వే ప్రకటించింది. తలుపు మీద దృష్టి పడటానికి ప్రతిసారీ ప్రాణాలు పోవాల్సి రావడం వేరే సంగతి.

డబ్బు లేదా అంటే, అలా అనడానికి వీల్లేదు. భద్రతకని 2017లో లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోష్ పెట్టారు. కాకోద్కర్ అడిగిన అంకె అదే. పట్టాలు తప్పిన ప్రమాదాలపై 2022లో ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక, ఆ నిధిలోంచి కాళ్లు పిసికే యంత్రాలకు, పింగాణీ పాత్రలకు కూడా ఖర్చు రాశారని ఎత్తిచూపింది. ఇది చదివాక భవనం ముందా, బోగీ ముందా అని అడిగేవాళ్లను అభివృద్ధి నిరోధకులు అనడం అంత తేలిక కాదు.

పల్లె ప్రయాణికుల గోడు ఈ గొడవలో ఇంకా కిందికి పోయింది. పడుగుపాడు, వేదాయపాళెం లాంటి చోట్ల ఎక్కి పొద్దున్నే పనికి పోయేవాళ్లకు కావలసింది మెమూ, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు పాసింజర్ బండి. కరోనా తర్వాత పాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేశారు. 2024 ఫిబ్రవరి ఆఖరులో గానీ అది మళ్లీ పదికి దిగలేదు. ఆ నాలుగేళ్లలో చాలామంది ఆటోలకు, బస్సులకు అలవాటు పడిపోయారు. కొత్త మెమూ బండ్లలో మరుగుదొడ్లు, కెమెరాలు, వచ్చే స్టేషన్ చెప్పే బోర్డులు ఉన్నాయి, తలుపులూ వెడల్పు. ఈ లైను మీద నేల మీద నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుని గీసిన రైలు ఏదైనా ఉంటే అదే. కొత్త స్టేషన్ బొమ్మల్లో మాత్రం ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ వందే భారతే నిలబడి ఉంటుంది.

మొదట చెప్పిన గడువు దాటిపోయి, పనులు ఇంకా సాగుతున్నాయి. అందుకే అడగాల్సినవి ఇప్పుడే అడగాలంటున్నారు ప్రయాణికులు. ప్లాట్‌ఫారాల రెండు కొసలకూ ఒక్కో మెట్ల దారి, జనరల్ బోగీలు ఆగే చోట కప్పు, నీళ్లు, వెలుతురు, రద్దీ బండ్లకు ఇంకో మూడు నిమిషాల హాల్టు, పడమటి వైపు నుంచి తూర్పుకు టికెట్ లేకుండా దాటే దారి. వీటిలో హాల్టు పెంచడానికి సిమెంటు కూడా అక్కర్లేదు.