దుబాసీని మానిపించిన కెమెరా

పర్లాకిమిడి

చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య దీవెనలు.

బుజ్జీ, నీ మణికట్టు ఎక్స్‌రే తీసిన నిమిషానికే డాక్టరుగారి తెర మీదికి వచ్చేసిందని, "అదీ ఫోన్ కెమెరా లాంటిదేనా తాతయ్యా?" అని అడిగావు. ఫోనులో చెబితే సగంలో ఆటకి పోతావు. అందుకే రాస్తున్నాను.

ఫోన్ కెమెరాలో ఉన్నది సిలికాన్ బిళ్ల. వెలుగు పడితే అందులో ఎలక్ట్రాన్లు ఊడి గళ్లలో పోగవుతాయి. ఏ గడిలో ఎన్నో లెక్కపెడితే అదే బొమ్మ. ఎక్స్‌రే దగ్గర ఈ ఎత్తు పారదు. కండలోంచి దూరిపోయే కిరణం పల్చటి సిలికాన్‌ని లక్ష్యపెడుతుందా? చాలా మటుకు దాటిపోతుంది. అందుకని మధ్యలో, ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పే దుబాసీలా, సీజియం అయొడైడ్ అనే లవణం పొర పెడతారు. అది ఎక్స్‌రేని మింగి వెలుగుని కక్కుతుంది. సిలికాన్ ఆ వెలుగునే చదువుతుంది.

దుబాసీ గొడవ నాకు బాగా తెలుసు. నేను ఎక్స్‌రే గదిలో పనిచేసిన రోజుల్లో కొండ మీంచి సవర వాళ్లు వచ్చేవారు. సంతల్లో తెలుగు పట్టుబడిన కుర్రాడెవడో వాళ్ల మాట నాకు చెబితే, నేను డాక్టరుకి ఒరియాలో చెప్పేవాణ్ణి. ఓసారి "నడిస్తే పోటు" అన్నది నా చెవికి "నడుం పోటు"గా వినబడింది. కాలికి తీయాల్సిన ఎక్స్‌రే నడుముకి తీశాం. ఫిల్ము దండగ, ఆ ముసలమ్మకి మళ్లీ కొండ దిగే పని.

పొరలోనూ అదే తంటా. వెలుగు చెదిరి పక్క గళ్లలో పడితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే సీజియం అయొడైడ్‌ని చీపురుకట్ట నిలబెట్టినట్టు సన్నటి సూదులుగా పెంచుతారు. వెలుగు చాలావరకు పుల్ల వెంటే కిందికి దిగుతుంది.

వెలుగుకి బదులు ఎలక్ట్రాన్లతో బొమ్మ తీసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుది ఇంకా సున్నితమైన వ్యవహారం. 1931లో జర్మనీలో రుస్కా, నోల్ మొదలుపెట్టిన యంత్రమది. ఇప్పటి పెద్దవాటిలో 3 లక్షల వోల్టులతో ఎలక్ట్రాన్లని తరుముతారు. ప్రొటీన్ లాంటిదాన్ని ఎక్కువగా కొడితే అదే చితికిపోతుంది. కాబట్టి కొద్దిపాటి ఎలక్ట్రాన్లతోనే బొమ్మ తీయాలి, ఒక్కటి కూడా వృథా పోకూడదు. చాలాకాలం అక్కడా దుబాసీయే. ఎలక్ట్రాన్ పొరకి తగిలితే వెలుగు, ఆ వెలుగు గాజు పోగుల గుండా సీసీడీ అనే సిలికాన్ బిళ్లకి. కానీ ఎలక్ట్రాన్ పొరలో అటూ ఇటూ పొర్లి, అసలెక్కడ పడిందో తెలియకుండా చేసేది.

మన ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష తానే నేర్చుకుని నిఘంటువు కట్టారు కదా, ఈ కెమెరాలు చేసేవాళ్లూ చివరికి ఆ దారే పట్టారు. ఎలక్ట్రాన్‌ని నేరుగా సీమాస్ బిళ్ల (ఫోన్ కెమెరాలో ఉండే రకం సిలికాన్ బిళ్ల) మీదే పడనిచ్చారు. బిళ్లని ఎంత పల్చన చేస్తారంటే, లోపల తచ్చాడే వీలు లేక ఎలక్ట్రాన్ అవతలికి దూసుకుపోతుంది. పోతూ వదిలిన గుర్తుని బట్టి "ఒకటి" అని లెక్కేసుకుంటారు. సెకనుకి వందల బొమ్మలు. ఎలక్ట్రాన్ల తాకిడికి నమూనా కదిలినా, ఆ బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి సర్ది చెరుపుని దిద్దుతారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సర్దుబాటే. మా రోజుల్లో రోగి కదిలితే ఇంకో ఫిల్మే గతి! గడ్డకట్టించిన ప్రొటీన్లని చూసే పద్ధతికి 2017లో దుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకి నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి పరమాణువుల దాకా చూపగలగడానికి ఈ కెమెరాలు పెద్ద ఆసరా. కాకపోతే ఎలక్ట్రాన్ల దెబ్బలకి బిళ్ల కూడా అరిగిపోతూ ఉంటుంది.

చిన్నీ, అమ్మ పంపిన ఎక్స్‌రే, తెరని ఫోనుతో తీసిన ఫోటో. మళ్లీ దుబాసీ పనే! ఆస్పత్రిలో సీడీ అడిగి పంపమను. విరిగిన చోటు నేనూ చూస్తాను.

మీ తాతయ్య